‘మన’ అనే మాట దగ్గర ఆగడం: చెన్నైలో ఉండి తెలుగు వికీపీడియాలో తటస్థంగా రాయడం ఎలా

తెలుగు వికీపీడియాలో ‘మన రాష్ట్రంలో’ అని మొదలయ్యే వాక్యం కనబడినప్పుడు చెన్నైలో ఉన్న తెలుగు పాఠకుడు ఒక క్షణం ఆగవలసి వస్తుంది. రాసినవారు గుంటూరులో కూర్చొని ఆంధ్రప్రదేశ్‌ను ఉద్దేశించి ఉండవచ్చు, వరంగల్లులో కూర్చొని తెలంగాణను ఉద్దేశించి ఉండవచ్చు. చదివేవారి ఇల్లు పెరంబూరులో ఉంటే వారి రాష్ట్రం తమిళనాడు. ఆ వాక్యంలో తప్పుడు సమాచారమేమీ లేకపోవచ్చు, అయినా అది కొందరిని లోపల కూర్చోబెట్టి మరికొందరిని గుమ్మం బయట నిలబెడుతుంది. తటస్థత గురించి కొత్త వాడుకరులకు, అంటే వికీపీడియాలో కొత్తగా రాసేవారికి, చెప్పవలసి వచ్చినప్పుడు నేను నియమాల పేజీతో కాక ఈ ఒక్క మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే తెలుగులో పక్షపాతం ఎక్కువగా పెద్ద పెద్ద ఆరోపణల్లో ఉండదు. సర్వనామాల్లోనూ, క్రియల చివర్లలోనూ, మాటకు అంటుకొని వచ్చే ఒక్క ‘ఏ’కారంలోనూ ఉంటుంది.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఎవరైనా, ఏ ఊరినుంచైనా రాయవచ్చు. అక్కడ ‘తటస్థ దృక్కోణం’ అని పిలిచే నియమం వికీపీడియా మూలస్తంభాలలో ఒకటి, దాని సారాంశం ఇది: ఒక విషయంపై నమ్మదగిన ఆధారాల్లో కనిపించే ముఖ్యమైన అభిప్రాయాలన్నింటినీ, ఆ ఆధారాల్లో వాటికి ఎంత చోటు దక్కిందో అంత మేరకు, మన తీర్పు చేర్చకుండా చెప్పాలి. దీన్ని చాలామంది ‘రెండు పక్షాలకూ చెరి సగం’ అని అర్థం చేసుకుంటారు. అది పొరపాటు. పదిమంది పరిశోధకులు ఒక మాట చెప్పి, ఒక సావనీరులో ఒక వ్యాసకర్త వేరే మాట చెబితే, ఆ రెండింటికీ సమానంగా రెండు పేరాలు కేటాయించడం తటస్థత కాదు, తూకపు రాళ్లను మార్చి వేయడం.

చెన్నైలో ఉన్నవారికి ఈ నియమాన్ని అభ్యాసం చేయడానికి ఈ నగరం కంటే మంచి పాఠం దొరకదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు నగరం ఎటు ఉండాలన్న ప్రశ్న ఎంత వేడిగా నడిచిందో మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ‘మద్రాసు మనదే’ అన్న నినాదం తెలుగువారి పక్షాన వినిపించింది, మ.పొ.శివజ్ఞానం మొదలైనవారు తమిళుల పక్షాన నగరం కోసమూ తిరుత్తణి కోసమూ ఉద్యమించారు. తిరుత్తణి 1960లో చిత్తూరు జిల్లానుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. ఇప్పుడు ఈ సంగతిని ఒక వాక్యంలో రాయండి చూద్దాం. ‘ఆంధ్రులు మద్రాసును కోల్పోయారు’ అంటే అది అంతకుముందు వారి సొత్తు అని చెప్పినట్టు. ‘మద్రాసు తమిళులకు దక్కింది’ అంటే న్యాయంగా దక్కవలసినవారికి దక్కిందన్న ధ్వని ఉంది. ‘మద్రాసును వదులుకున్నారు’ అన్నా, ‘లాక్కున్నారు’ అన్నా చెప్పనే అక్కర్లేదు. ‘ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా ఏర్పడింది, మద్రాసు నగరం మద్రాసు రాష్ట్రంలో కొనసాగింది’ అని రాస్తే జరిగింది జరిగినట్టు ఉంటుంది. ఆ తరువాత, తెలుగు నాయకులు దాన్ని అన్యాయంగా భావించారని పేర్లతో, పుస్తకం పేజీతో రాయవచ్చు. తమిళ నాయకులు ఏమన్నారో కూడా అలాగే రాయవచ్చు. భావాలను తీసివేయనవసరం లేదు, వాటిని అనుభవించినవారి పేరు మీద ఉంచాలి, అంతే.

క్రియల విషయం ఇంకొంచెం సున్నితమైనది. తెలుగు వికీపీడియా వ్యాసాల్లో వ్యక్తుల గురించి ఏకవచనం వాడడం, ‘గారు’, ‘శ్రీ’ వంటివి చేర్చకపోవడం స్థిరపడిన పద్ధతి. ‘జన్మించారు’ కాదు, ‘జన్మించాడు’. కొత్తగా వచ్చినవారికి ఇది ముల్లులా గుచ్చుకుంటుంది. నాకూ మొదటి ఏడాది అంతా గుచ్చుకుంది. మా నాయనమ్మ ఎదుట ఒక స్వాతంత్ర్య సమరయోధుణ్ణి ‘వాడు, వీడు’ అన్నంత పని చేసినట్టు అనిపించేది. అయితే ఒకరికి ‘గారు’ పెట్టి మరొకరికి పెట్టకపోతే ఆ ఎంపికే ఒక తీర్పు అవుతుంది. హంతకుడికి ఏకవచనం, మంత్రికి బహువచనం, వివాదంలో ఉన్న మంత్రికి ఏది? అందరికీ ఒకే క్రియ వాడితే ఆ చిక్కు తొలగిపోతుంది. ప్రతి వ్యాసానికీ జతగా ఉండే, రాసేవారు తమలో తాము మాట్లాడుకునే చర్చ పేజీలో మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది: అక్కడ తోటి వాడుకరిని ‘గారూ’ అని సంబోధించకుండా మాట్లాడితే మర్యాద తప్పినట్టే. వ్యాసంలో ముఖ్యమంత్రి ‘చెప్పాడు’, చర్చలో పదో తరగతి చదివే వాడుకరి ‘గారు చెప్పారు’. ఈ రెండు పేజీలకూ రెండు వ్యాకరణాలని మొదటి రోజే గుర్తు పెట్టుకుంటే సగం గొడవలు పుట్టవు.

మరణం గురించి చెప్పే క్రియలను కూడా ఇలాగే చూడాలి. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట నిరాహార దీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి మరణించాడు. ‘అమరుడయ్యాడు’, ‘ఆత్మార్పణ చేశాడు’, ‘ప్రాణత్యాగం చేశాడు’ అన్నవి సభల్లో అనదగ్గ మాటలు. వ్యాసంలో ‘మరణించాడు’ అని రాసి, ఆయనను ‘అమరజీవి’ అని పిలుస్తారన్న సంగతిని ఒక వాస్తవంగా వేరే వాక్యంలో చెప్పాలి. ఆ బిరుదును పేరుకు బదులుగా వ్యాసమంతా వాడకూడదు. ‘వెల్లడించాడు’, ‘ఒప్పుకున్నాడు’, ‘బుకాయించాడు’, ‘కుండబద్దలు కొట్టాడు’ అన్న క్రియలు కూడా తీర్పులే: మొదటిది చెప్పినది నిజమని ముందే నమ్మిస్తుంది, రెండోది తప్పు జరిగిందని చెబుతుంది, మూడోది అబద్ధమని చెబుతుంది, నాలుగోది పత్రికల అలవాటు. ‘అన్నాడు’, ‘రాశాడు’, ‘చెప్పాడు’ అన్న మూడు క్రియలతో జీవితకాలం గడిపేయవచ్చు, పాఠకుడు విసుక్కోడు.

ఇదే దీక్ష వివరాల్లో ఆధారాల తగాదాకు మంచి ఉదాహరణ ఉంది. దీక్ష ఎన్ని రోజులు సాగిందంటే కొన్ని రచనల్లో 56 రోజులని, మరికొన్నింట 58 రోజులని కనిపిస్తుంది. ఒకరు వచ్చి 56ను 58 చేస్తారు, ఇంకొకరు వచ్చి 58ను మళ్లీ 56 చేస్తారు, ఇద్దరూ ‘అచ్చుతప్పు సవరించాను’ అని దిద్దుబాటు సారాంశంలో (మార్పుకు కారణం రాసే చిన్న పెట్టెలో) రాస్తారు. ఇలాంటి చోట చేయవలసింది, మొదటి తేదీని, చివరి తేదీని ఆధారంతో రాయడం. ఆ రెండు తేదీలనూ కలుపుకొని లెక్కిస్తే 58 వస్తుంది. మామూలు కూడికను ఎవరూ ‘మౌలిక పరిశోధన’ (ఆధారాల్లో లేని సొంత తీర్మానం, వికీపీడియాలో కూడనిది) అనరు. 56 అన్న సంఖ్య ఏ గ్రంథంలో ఉందో పాదసూచికలో చెబితే, రేపు దాన్ని చూసి మార్చబోయే మూడో వ్యక్తి చేయి కూడా ఆగుతుంది. తేదీలు పెట్టి లెక్క చూపించడం ఎంత చిన్న పనో, ఎన్ని రాత్రుల గొడవను ఆపుతుందో అనుభవంలో కాని తెలియదు.

ఆధారాల విషయంలో చెన్నై తెలుగువారికి ఉన్న అదృష్టం మరే ఊరి తెలుగువారికీ లేదని నా నమ్మకం. 1896లో తెరచిన ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయం దేశంలో ప్రచురితమయ్యే పుస్తకాల ప్రతులు చట్టప్రకారం చేరవలసిన నాలుగు గ్రంథాలయాల్లో ఒకటి. వావిళ్లవారి ప్రచురణలు ఈ నగరంలోనే అచ్చయ్యాయి. కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రికను 1914లో దినపత్రికగా ఇక్కడినుంచే తెచ్చాడు. అంతర్జాలంలో లింకు లేని పుస్తకాన్ని ఆధారంగా ఇవ్వకూడదన్న అపోహ చాలామందిలో ఉంది. అలాంటి నిబంధన లేదు. రచయిత, పుస్తకం పేరు, ప్రచురణకర్త, సంవత్సరం, పేజీ సంఖ్య సరిగా ఇస్తే అచ్చు పుస్తకం నిరభ్యంతరంగా చెల్లుతుంది. పేజీ సంఖ్య ఇవ్వకపోతే మాత్రం ‘పుస్తకంలో ఉంది’ అన్న మాట ‘మా తాత చెప్పాడు’ అన్న మాటతో సమానం. గ్రంథాలయంలో ఆ పేజీ ముందు ఉన్నప్పుడే అందులోని వాక్యాన్ని యథాతథంగా నోటుపుస్తకంలో ఎక్కించుకొని రావడం మంచిది, ఎందుకంటే చర్చ పేజీలో ఎవరైనా ‘ఆ పుస్తకంలో సరిగ్గా ఏమని ఉంది?’ అని అడిగినప్పుడు జవాబు ఇంట్లో ఉండాలి.

వికీపీడియాకు వికీపీడియా ఆధారం కాదు. తమిళ వికీపీడియాలో ఉందనో ఇంగ్లీషు వికీపీడియాలో లేదనో వాదించడం కుదరదు. ప్రతి భాషలోనూ అక్కడి సముదాయమే తన వ్యాసాలను చూసుకుంటుంది. అయినా ఈ నగరం గురించి రాసే ముందు అదే విషయంపై తమిళ వ్యాసాన్ని ఒకసారి చదవమని, చదవడం రాకపోతే పక్కింటివారిచేత చదివించుకోమని నేను అందరికీ చెబుతాను. మనం రాయకుండా వదిలేసిన సంగతి ఏమిటో అక్కడ తెలుస్తుంది. ఆ వ్యాసం కింద ఇచ్చిన పుస్తకాలను వెతికితే మనకు అవతలి పక్షపు ఆధారం కూడా చేతికి వస్తుంది.

ఇక తగాదా వచ్చినప్పుడు ఏం చేయాలన్నది. ముందు నేను ఏం చేయకూడనిది చేశానో చెబుతాను. నగర చరిత్రకు సంబంధించిన ఒక చిన్న వ్యాసంలో, చెన్నపట్నం అన్న పేరు దామెర్ల చెన్నప్ప నాయకుడి నుంచే వచ్చిందని రాశాను. మర్నాడు ఒకరు దాన్ని తీసేసి, చెన్నకేశవ పెరుమాళ్ ఆలయం నుంచి వచ్చిందని రాశారు. నేను తిరగ్గొట్టాను, అంటే ఆయన మార్పును రద్దు చేసి నా వాక్యాన్నే మళ్లీ పెట్టాను. ఆయన తిరగ్గొట్టారు. రాత్రి పన్నెండు దాటాక మూడోసారి తిరగ్గొడుతూ సారాంశంలో ‘చరిత్ర తెలుసుకొని రాయండి’ అని కూడా రాశాను, అది ఇప్పటికీ పేజీ చరిత్రలో నా పేరు పక్కన అలాగే ఉంది. ఒకే పేజీలో 24 గంటల్లో మూడుకు మించి తిరగ్గొట్టరాదన్న నియమం ఇంగ్లీషు వికీపీడియాలో ప్రసిద్ధం; కానీ ఆ మూడు అనేది హక్కు కాదు, గోడ. గోడదాకా పరిగెత్తడమే తప్పు. ఒకసారి తిరగ్గొట్టాక అవతలివారు మళ్లీ మారిస్తే, అంతటితో వ్యాసం పేజీని వదిలి చర్చ పేజీకి వెళ్లాలి. ఆ సమయానికి వ్యాసంలో అవతలివారి వాక్యమే నిలిచి ఉన్నా సరే. రెండు రోజులు తప్పు వాక్యం ఉంటే కొంప మునగదు.

చర్చ పేజీలో కొత్త విభాగం మొదలుపెట్టి, దానికి విషయాన్ని సూచించే శీర్షిక పెట్టాలి. ‘పక్షపాతం’, ‘ఘోరమైన తప్పు’ వంటివి శీర్షికలు కావు. ‘పేరు వ్యుత్పత్తి గురించిన వాక్యం’ అన్నది శీర్షిక. ఆ కింద ఇప్పుడున్న వాక్యాన్ని యథాతథంగా ఉటంకించి, అందులో మీకు అభ్యంతరమున్న మాట ఏదో చెప్పి, మీరు ప్రతిపాదించే వాక్యాన్ని పూర్తిగా రాసి, ఆధారాన్ని ఇచ్చి, చివర నాలుగు టిల్డేలతో (~~~~) సంతకం చేయాలి. నేను ఆ రాత్రి రాయవలసింది, నాలుగు రోజుల తరువాత రాసింది, సుమారుగా ఇలా ఉంది:

“నమస్కారమండీ. ప్రస్తుతం వ్యాసంలో ‘చెన్నకేశవ పెరుమాళ్ ఆలయం నుంచి ఈ పేరు వచ్చింది’ అని ఉంది. 1639లో ఈస్టిండియా కంపెనీకి ఈ చోటును ఇచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడి తండ్రి చెన్నప్ప పేరు మీద చెన్నపట్నం ఏర్పడిందని నేను చదివిన గ్రంథాల్లో ఉంది. పేజీ వివరాలు కింద ఇస్తున్నాను. మీ దగ్గరున్న ఆధారం కూడా చెబితే రెండింటినీ కలిపి ఒక వాక్యం రాద్దాం. నేను ముందు రాసిన ‘నుంచే’ అన్న మాట ఎక్కువైందని ఇప్పుడు అనిపిస్తోంది.”

ఆ చివరి వాక్యం రాయడానికే నాకు నాలుగు రోజులు పట్టింది. జవాబు మరుసటి ఉదయమే వచ్చింది. ఆయన దగ్గరా ఒక పుస్తకం ఉంది, పేజీ సంఖ్యతో సహా. మా ఇద్దరి మధ్య తగాదా నాయకుడికీ దేవుడికీ మధ్య కానే కాదు, ‘నుంచి’కి అంటుకున్న ఏకారానిది. ‘చెన్నప్ప నాయకుడి పేరు నుంచి వచ్చిందని ఫలానా చరిత్రకారుడు, చెన్నకేశవాలయం పేరు నుంచి వచ్చిందని ఫలానా రచయిత రాశారు’ అని పెట్టాక ఆ వాక్యాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మొదట నేను ‘ఎక్కువమంది చరిత్రకారులు’ అని రాయబోయాను. నాలుగు పుస్తకాలు చూసి మూడింట కనబడినంత మాత్రాన ‘ఎక్కువమంది’ అనడం నా సొంత లెక్క అవుతుందని ఆయనే గుర్తు చేశారు. అలా అన్న పరిశోధకుడెవరైనా ఉంటే ఆయన మాటగా రాయాలి, లేకపోతే వదిలేయాలి. ‘అని ప్రతీతి’, ‘అని పలువురి అభిప్రాయం’, ‘అంటారు’ అన్న తోకలదీ ఇదే జబ్బు: ఎవరి ప్రతీతి, ఏ పలువురు అని అడిగితే జవాబుండదు.

జవాబు రాసేటప్పుడు ముందువారి వ్యాఖ్య కంటే ఒక మెట్టు లోపలికి జరిపి రాయాలి, లేకపోతే ఎవరు ఎవరికి చెబుతున్నారో తెలియదు. అవతలివారి వాక్యం గురించే మాట్లాడాలి కాని వారి ఊరి గురించి, కులం గురించి, ఉద్దేశం గురించి కాదు. జవాబు కోసం కనీసం వారం రోజులు ఆగాలి. తెలుగు వికీపీడియాలో చురుకుగా రాసేవారు కొద్దిమంది, వారికీ ఉద్యోగాలూ పరీక్షలూ పెళ్లిళ్లూ ఉంటాయి. వారం గడిచినా ఎవరూ పలకకపోతే ప్రతిపాదించిన వాక్యాన్ని వ్యాసంలో పెట్టవచ్చు. ఇద్దరూ పట్టు విడవకపోతే రచ్చబండలో (వాడుకరులందరూ కలిసి మాట్లాడుకునే పేజీలో) ఒక తటస్థమైన వాక్యంతో లింకు ఇచ్చి ఇతరుల అభిప్రాయం కోరవచ్చు. నిర్వాహకులు న్యాయాధిపతులు కారు. వ్యాసంలో ఏది నిజమో తేల్చడం వారి పని కాదు, గొడవ శ్రుతి మించితే మార్పులకు అడ్డుకట్ట వేసి పేజీని సంరక్షించడం, మితిమీరినవారిని నిరోధించడం వంటివి వారు చూసుకుంటారు. చర్చ ఫలితాన్ని చేతులెత్తించి లెక్కపెట్టరు. ఆధారంతో చెప్పిన ఒక్క మాట, ఆధారం లేకుండా ‘నేనూ సమర్థిస్తున్నాను’ అన్న అయిదు మాటలకంటే బరువైనది.

అందువల్లే, వాట్సాప్ గుంపులో ‘అందరూ వచ్చి మద్దతు చెప్పండి’ అని పిలవడం నిషిద్ధం. చెన్నైలో మాలాగా ఆదివారాలు కలుసుకునే నలుగురైదుగురు మిత్రులకు ఇది ప్రత్యేకంగా వర్తిస్తుంది. ఒకే బల్ల దగ్గర కూర్చొని ఒకే చర్చలో ఒకరి తరువాత ఒకరు సంతకాలు పెడితే, ఎంత నిజాయితీగా పెట్టినా, బయటివారికి ఒక్క మనిషి నాలుగు ముసుగులు వేసుకున్నట్టు కనిపిస్తుంది. మేము పెట్టుకున్న కట్టుబాటు ఏమిటంటే, మాలో ఒకరు పాల్గొన్న వివాదంలో మిగతావారు పాల్గొనకూడదు; తప్పనిసరైతే తమ పరిచయాన్ని ముందే చెప్పాలి. ఒక ఖాతాను ఇద్దరు వాడడం అసలే కూడదు.

రెండు చోట్ల మాత్రం ఇంత ఓపిక అక్కరలేదు. జీవించి ఉన్న వ్యక్తి గురించి ఆధారం లేని ఆరోపణ కనబడితే వెంటనే తీసేసి, ఆ తరువాత చర్చ పేజీలో కారణం రాయాలి. రెండోది కులం. చరిత్ర పురుషుల పేర్ల పక్కన, సినిమా నటుల పేర్ల పక్కన కులం పేరు చేర్చి పోయే అనామక దిద్దుబాట్లు ఎడతెగకుండా వస్తుంటాయి; కులసంఘాల ప్రత్యేక సంచికలను ఆధారంగా చూపుతారు. ఆ సంచిక ఆ సంఘం తన గురించి ఏమనుకుంటోందో చెప్పడానికి పనికొస్తుంది కాని, మూడు వందల ఏళ్ల కిందటి మనిషి ఎవరో చెప్పడానికి పనికిరాదు. స్వతంత్ర పరిశోధన ఉంటే, ఆ వ్యక్తి జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఆ వివరం అవసరమైతే ఉంచాలి. త్యాగరాయనగర్‌కు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి వ్యాసంలో బ్రాహ్మణేతర ఉద్యమం గురించి రాయకుండా ఎలా కుదరదో, ఒక గాయకుడి వ్యాసం మొదటి వాక్యంలోనే కులం రాయడం అలా కుదరదు.

మీ సొంత కంపెనీ గురించి, మీ నాన్నగారి గురించి, మీరు జీతం తీసుకునే సంస్థ గురించి నేరుగా రాయకండి. చర్చ పేజీలో మీ సంబంధం చెప్పి, ఆధారాలిచ్చి, వేరొకరిని రాయమని అడగండి.

వివాదం తేలాక ఒక పని మిగులుతుంది, దాన్ని చాలామంది మరచిపోతారు. కుదిరిన వాక్యాన్ని వ్యాసంలో చేర్చేటప్పుడు సారాంశంలో ‘చర్చ పేజీలో “పేరు వ్యుత్పత్తి గురించిన వాక్యం” విభాగం చూడండి’ అని రాయాలి. చర్చ పేజీలో కూడా ఆ విభాగం చివర, ఏ వాక్యం కుదిరిందో, ఏ తేదీన చేర్చారో ఒక వరుసలో రాసి సంతకం చేయాలి. పేజీని మీ వీక్షణ జాబితాలో (ఎంచుకున్న పేజీల్లో జరిగే మార్పులను చూపే జాబితాలో) ఉంచుకోండి. ఏడాది తరువాత ఎవరో కొత్త వాడుకరి వచ్చి, సదుద్దేశంతోనే, ఆ ‘నుంచి’కి మళ్లీ ఒక ‘ఏ’ చేరుస్తారు. అప్పుడు తిరగ్గొట్టే ముందు వారి వాడుకరి చర్చ పేజీకి వెళ్లి స్వాగతం చెప్పి, పాత విభాగానికి లింకు ఇవ్వండి.